కేబుల్ పట్టుకున్న తమ్ముడికి బోలెడు థాంక్స్

శనివారం బెంగళూరు కోరమంగళలో డిజైనర్లు, వెబ్ డెవలపర్ల మీటప్‌లో నా టాక్ మొదలైందో లేదో ప్రొజెక్టర్‌లో బొమ్మ వస్తూ పోతూ ఉంది, హెచ్‌డీఎంఐ కేబుల్ లూజు. వెబ్ పేజీలో లైన్-హైట్ (ఒక్కో లైనుకి ఇచ్చే ఎత్తు) తక్కువై, పైగా ఓవర్‌ఫ్లో హిడెన్ (పెట్టె దాటిన భాగాన్ని దాచేసే సెట్టింగ్) కూడా పెడితే తెలుగు వత్తులు కింద ఎలా తెగిపోతాయో తెర మీద చూపించాలి, నోటితో చెబితే ఎవరికి అర్థమవుతుంది? టెన్షన్‌తో చెమటలు పట్టేశాయి. వెనక వరసలోంచి ఒక తమ్ముడు లేచొచ్చి, తన అడాప్టర్ తగిలించి చూసి, అదీ కుదరకపోయేసరికి టేబుల్ పక్కన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ప్లగ్గును కొంచెం పైకెత్తి పట్టుకున్నాడు. "మీరు కానివ్వండన్నా, నేను చూసుకుంటా" అన్నాడు. చేతులు మార్చుకుంటూ టాక్ అయ్యేదాకా అలాగే ఉన్నాడు, తెర వైపు తిరిగే వీలు కూడా లేదు పాపం. ప్రశ్నలు ముగిసి వెతికేసరికి వెళ్లిపోయాడు. తమ్ముడూ, ఇది చూస్తే మెసేజ్ పెట్టు, స్లైడ్లు పంపిస్తా, ఫిల్టర్ కాఫీ నాది.