‘నచ్చలేదు’ వేరు, ‘చెప్పింది రాలేదు’ వేరు

సంపాదకులకు,

పండగ సేల్ మొదలైతే ఏ ఫోన్ మీద ఎంత తగ్గింపో పత్రికలన్నీ రాస్తాయి. సేల్ ముగిశాక మొదలయ్యే రెండో అంకం గురించి, అంటే వచ్చిన సరుకు తిప్పి పంపే తతంగం గురించి రాసేది తక్కువ. వినియోగదారుల ఫిర్యాదులు రాసిపెట్టేవాళ్ల బల్ల మీదికి వచ్చేవి ఆ రెండో అంకం కాగితాలే. అందులో కంపెనీ తప్పు ఎంతున్నా, కొన్నవాళ్ల పట్టు జారిపోయేది మాత్రం ఒకే చోట. ఫోన్ తెర మీద ‘రిటర్న్ కారణం’ అని అడిగే గడి దగ్గర.

రిటర్న్ నొక్కగానే జాబితా వస్తుంది. సైజు సరిపోలేదు, నచ్చలేదు, ఇక అవసరం లేదు, పాడైన వస్తువు వచ్చింది, వేరే వస్తువు వచ్చింది. ఫొటోలు అడగరు, పని తొందరగా అయిపోతుందని చాలామంది మొదటి మూడింటిలో ఏదో ఒకటి నొక్కేస్తారు. చిరుగుతో వచ్చిన చీరకీ ‘నచ్చలేదు’ అనే పెడతారు. డబ్బు తిరిగొస్తే గొడవే లేదు. రాకపోతే, నెల తర్వాత ఫిర్యాదులో ‘చిరిగిన చీర పంపారు’ అని రాస్తే, ‘మీరే నచ్చలేదన్నారు కదా’ అని కంపెనీ ఆ గడినే సాక్ష్యంగా చూపిస్తుంది. చట్టం దృష్టిలో ఈ రెండు మాటలకీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా.

నచ్చకపోతే వెనక్కి తీసుకోవాల్సిందేనని మన చట్టంలో లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు చాలా వస్తువులను కారణం చెప్పకుండానే 14 రోజుల్లోపు వెనక్కి ఇచ్చేయొచ్చు. ఇక్కడ 7 రోజులు, 10 రోజులు అని కనిపించేది కంపెనీ తనంతట తాను ఇచ్చే వెసులుబాటు. కొన్న రోజున పేజీ మీద ఆ మాట ఉంటే దానికి కట్టుబడాలి, అంతవరకే. రేపటి నుంచి ఆ వెసులుబాటు తీసేసినా, దానికి రుసుము పెట్టినా అడిగే దారి లేదు.

లోపం ఉన్న సరుకు సంగతి వేరు. 2020 జులైలో వచ్చిన వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనల ప్రకారం, వస్తువులో లోపం ఉన్నా, నకిలీదైనా, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి వచ్చినా వెనక్కి తీసుకోననడానికీ, డబ్బు ఇవ్వననడానికీ అమ్మకందారుకు వీల్లేదు. ఆలస్యం విషయంలో మాత్రం ప్రకృతి వైపరీత్యం లాంటి కారణాలకు మినహాయింపు ఉంది. పేజీ మీద ‘నో రిటర్న్’ అని ఎంత పెద్ద అక్షరాల్లో రాసినా ఈ నాలుగింటి ముందు అది చెల్లదు.

వీధి కొట్టుకూ ఇలాంటి నియమమే ఉంది. గల్లాపెట్టె పైన ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అన్న బోర్డు దశాబ్దాలుగా చూస్తున్నాం. లోపం ఉన్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోపు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు ఇవ్వకపోవడమూ అంతే. అయితే యాప్‌ల అలవాటుతో, పెళ్లికి కట్టుకుని వచ్చిన చీరను మర్నాడు కొట్టుకి తెచ్చి ‘నచ్చలేదు, డబ్బులిచ్చెయ్యండి’ అనేవాళ్లూ తయారయ్యారు. అక్కడ కొట్టాయన కాదంటే తప్పు ఆయనది కాదు.

కాబట్టి ‘నచ్చలేదు’ అనిపించిన ప్రతి సందర్భంలోనూ ముందు అడగాల్సిన ప్రశ్న, పేజీ మీద చెప్పిందే వచ్చిందా అని. బట్టల దగ్గర ఈ తేడా బాగా తెలుస్తుంది. సైజు చార్టులు రెండు రకాలు. కొన్నిటిలో ఉండేది ఒంటి కొలత, కొన్నిటిలో బట్ట కొలత. ఛాతీ 100 సెంటీమీటర్లున్న మనిషి చొక్కా వదులుగా ఉండాలంటే బట్ట చుట్టుకొలత 108 నుంచి 112 దాకా ఉండాలి. బట్ట కొలతల చార్టును ఒంటి కొలతలనుకుని ఆర్డర్ పెడితే బొత్తాలు పట్టవు. ఆ పొరపాటు కొన్నవాళ్లదే. దీనికి మందు తేలిక. ఇంట్లో సరిగ్గా పట్టే చొక్కాను మంచం మీద పరిచి, చంక కింద ఈ కుట్టు నుంచి ఆ కుట్టు దాకా టేపు పెట్టి, వచ్చిన అంకెను రెట్టింపు చేసి, దాన్ని చార్టులోని బట్ట కొలతతో పోల్చుకోవాలి.

వచ్చిన చొక్కాను కూడా అలాగే కొలవాలి. కుట్టులో ఒకటి రెండు సెంటీమీటర్లు అటూ ఇటూ కావడం మామూలే. చార్టులో 112 అని రాసి వచ్చింది 106 ఉంటే అది ‘సైజు సరిపోలేదు’ కిందికి రాదు. చెప్పిన లక్షణం లేని సరుకు అది. టేపు మీది అంకెలు కనిపించేలా ఒక ఫొటో, పక్కన చార్టు స్క్రీన్‌షాట్ ఉంటే చాలు, మాట బరువే మారిపోతుంది. చీర అయితే, బ్లౌజు ముక్కతో కలిపి 6.3 మీటర్లు అని రాసి అయిదున్నరే పంపే అమ్మకందారులు ఉన్నారు. ‘ప్యూర్ సిల్క్’ అన్నచోట అనుమానం వస్తే కొంగు కుచ్చులోంచి ఒక్క పోగు తీసి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, మిగిలిన నల్లటి కొస వేళ్ల మధ్య పొడి అవుతుంది. పాలియెస్టర్ అయితే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఈ పరీక్షతో కోర్టులో గెలవలేరు గానీ, ఏ కారణం నొక్కాలో తేలిపోతుంది.

స్క్రీన్‌షాట్ ఆర్డర్ పెట్టిన రోజునే తీయాలి. అమ్మకందారులు పేజీ మారుస్తూ ఉంటారు. గొడవ వచ్చాక వెళ్లి చూస్తే ‘కాటన్’ ఉన్నచోట ‘కాటన్ బ్లెండ్’ కనిపిస్తుంది. వస్తువు పేరు, లక్షణాలు, ఎమ్మార్పీ, అందే తేదీ, రిటర్న్ షరతు, అమ్మకందారు పేరు ఇవన్నీ పడాలి. నాలుగైదు తెరలవుతుంది. ప్యాకెట్ సరుకుల విషయంలో తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నికర పరిమాణం, ఎమ్మార్పీ పేజీలోనే చూపించాలని 2018 జనవరి 1 నుంచి నియమం ఉంది. కొట్టివేసి చూపించే ‘పాత ధర’ ఒకటి, ప్యాకెట్ మీది ఎమ్మార్పీ ఒకటి అయితే ఫిర్యాదు వెళ్లాల్సింది తూనికలు కొలతల శాఖకు.

పార్శిల్ విప్పే వీడియో గురించి అందరూ చెబుతారు, సరిగ్గా తీసేవాళ్లు తక్కువ. సగం వీడియోలు పెట్టె తెరిచాక మొదలవుతాయి. అవి ఎందుకూ పనికిరావు. మూసి ఉన్న పెట్టెతో మొదలుపెట్టి మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒకే పట్టున తీయాలి. మొదట చిరునామా చీటీ, దాని మీది ట్రాకింగ్ నంబరు చదవగలిగేలా పది సెకన్లు. ట్యూబ్‌లైట్ కింద చీటీ మీది ప్లాస్టిక్ మెరిసి నంబరు కనిపించకుండా పోతుంది, కొంచెం వంచి పట్టుకోవాలి. తర్వాత ఆరు పక్కలూ, టేపు అంచులూ. టేపు మీద టేపు అంటించి ఉంటే అక్కడ ఆగి చూపించాలి. అప్పుడు కోయాలి. ఫోన్ అయితే పెట్టె మీది ఐఎంఈఐ (ఒక్కో ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబరు), బిల్లు మీది ఐఎంఈఐ, ఫోన్‌లో స్టార్-హ్యాష్-సున్నా-ఆరు-హ్యాష్ నొక్కితే వచ్చేది, మూడూ ఒకటేనా అని చూడాలి. పెట్టె ఖాళీగా వచ్చినా, సబ్బు బిళ్ల వచ్చినా గొడవ చివరికి తేలేది ఈ నంబర్ల దగ్గరే.

‘ఓపెన్ బాక్స్ డెలివరీ’, అంటే గుమ్మంలోనే పెట్టె విప్పి చూపించి ఇచ్చే పద్ధతి అన్నచోట, వస్తువు చూడకుండా ఓటీపీ చెప్పకూడదు. ఆ అంకెలు చెప్పడమంటే ‘సరుకు సరిగ్గా అందింది’ అని సంతకం పెట్టడమే. డెలివరీ కుర్రాడు తొందరపెడతాడు. సంచిలో ఇంకా డజన్ల పార్శిళ్లుంటాయి, ఇంటికింతని లెక్కగట్టే కూలి అతనిది. అతని మీద అరవాల్సిన పనిలేదు, ఓటీపీ చెప్పకుండా నిలబడితే చాలు. ఫ్రిజ్, టీవీల్లాంటి వాటికి కంపెనీ మనిషి వచ్చేదాకా పెట్టె విప్పొద్దని షరతు ఉంటే, పెట్టె మూలలు నొక్కుకుపోయాయేమో చూసి, ఫొటో తీసి, ఆ మాటే రసీదు మీద రాసి సంతకం పెట్టాలి.

తిప్పి పంపేటప్పుడు పని ఎక్కువగా చెడేది గుమ్మంలోనే. వచ్చినవాళ్ల ఫోన్‌లో ట్యాగ్ ఉందా, అసలు పెట్టె ఉందా, సీరియల్ నంబరు కలిసిందా అని వరుసగా ప్రశ్నలుంటాయి. ఒక్కదానికి ‘లేదు’ పడినా పికప్ రద్దు. చాలామంది కంపెనీ పెట్టె మీదే టేపు చుట్టేస్తారు, దాని మీదే పెన్నుతో రాసేస్తారు. గోదాములో దాన్ని ‘వాడిన సరుకు’ కింద లెక్కేసే ప్రమాదం ఉంది. బయట ఇంకో కవరు వేయాలి. సరుకు చేతులు మారేముందు సీరియల్ నంబరు కనిపించేలా ఒక ఫొటో, తీసుకెళ్లినట్టు మెసేజ్ వచ్చాకే తలుపు వేయడం, ఈ రెండూ మరవకూడదు.

డబ్బు ఎక్కడికి రావాలో అడిగినప్పుడు ‘వెంటనే’ అన్న మాట చూసి వాలెట్ నొక్కితే ఆ సొమ్ము మళ్లీ అదే యాప్‌లో ఖర్చు పెట్టాల్సి రావచ్చు. ఏ దారిన కట్టారో ఆ దారినే అడగండి. ఖాతాలో డబ్బు కట్ అయి ఆర్డర్ పడకపోతే అది రిటర్న్ గొడవ కాదు. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు ఉత్తర్వు ప్రకారం, యూపీఐ మీదో కార్డు మీదో వ్యాపారికి కట్టిన అలాంటి సొమ్ము లావాదేవీ రోజు కాక 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు 100 రూపాయలు పరిహారం. ఫిర్యాదు బ్యాంకుకు పెట్టాలి.

ఇక్కడే ఒక గొయ్యి ఉంది. రీఫండ్ ఆలస్యమైతే జనం గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతుకుతారు. పైన కనిపించేది దొంగ నంబరు కావచ్చు. అవతలివాడు ‘రీఫండ్ కోసం పిన్ కొట్టండి’ అన్నాడంటే ఫోన్ పెట్టేయాలి. యూపీఐలో పిన్ డబ్బు పంపడానికే, తీసుకోవడానికి అక్కర్లేదు. మన ఫోన్ తెర అవతలివాడికి కనిపించేలా చేసే యాప్ వేయించబోయినా ఫోన్ పెట్టేయాల్సిందే. సొమ్ము పోతే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. గంటలు గడిచేకొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది.

కంపెనీతో రాతకోతలు చాట్‌లో వద్దు. చాట్ విండో మూస్తే ఆధారమూ పోవచ్చు. ప్రతి ఈ-కామర్స్ సంస్థకూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, పేరూ వివరాలూ సైటులో పెట్టాలి. పేజీ అట్టడుగున ‘గ్రీవెన్స్’ అన్న లింకులో ఉంటాయి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఈ-మెయిల్‌లో ఆర్డర్ నంబరు, తేదీ, కట్టిన మొత్తం, బిల్లు మీది అమ్మకందారు పేరు, పేజీలో ఏం చెప్పారు, ఏం వచ్చింది, మీకేం కావాలి ఇవి చాలు. తిట్లు, శాపనార్థాలు పది లైన్లు రాసి ఆర్డర్ నంబరు మరిచిపోయే మెయిళ్లకు లెక్కలేదు.

కదలిక లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలుగులోనే మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, మన ఫిర్యాదును కంపెనీకి చేర్చి జవాబు రాబడుతుంది. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉంటున్న జిల్లాలోనే వేయొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల రూపాయల దాకా ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, గడువు రెండేళ్లు. ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. 600 రూపాయల చొక్కాకి ఇంత దూరం ఎవరు వెళ్తారన్న ధీమా మీదే కొందరు అమ్మకందారుల బతుకు నడుస్తోంది.

ఒక్క విన్నపం. చెప్పిన గడువు దాటితే వెనక్కి ఇవ్వొచ్చని నిబంధన రాసి ఇన్నేళ్లయినా, రిటర్న్ జాబితాలో ‘ఆలస్యంగా వచ్చింది’ అన్న గడి వెతికితే చాలాచోట్ల కనపడదు. అది లేనిచోట జనం చేసేది లేక ‘ఇక అవసరం లేదు’ నొక్కుతున్నారు, హక్కు కాస్తా కంపెనీ దయగా మారుతోంది. బుట్టలో చెప్పకుండా వస్తువులు దూర్చడం నుంచి లేని తొందర పుట్టించడం దాకా 13 రకాల మాయలను 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలతో నిషేధించింది. రిటర్న్ కారణాల జాబితాను చట్టంలోని నాలుగు కారణాలతోనే మొదలుపెట్టాలని కూడా ఆ సంస్థే ఆదేశించాలి. ఈలోగా సేల్ ప్రకటనలు వేసే పేజీలోనే ఒక మూల 1915 అచ్చేయడానికి మీ పత్రికకు ఎవరి ఆదేశమూ అక్కర్లేదు.

ఇట్లు,
ఫిర్యాదులు రాసిపెట్టే ఒక పాఠకుడు