గుమ్మడి ఓట్స్ బిస్కెట్లు (కుక్కలకు)

బిస్కెట్ల కొలతలు అడిగినవారి కోసం.

2 కప్పుల ఓట్స్ మిక్సీలో పొడి చేసి, ముప్పావు కప్పు ఉడికించి మెదిపిన గుమ్మడి, ఒక గుడ్డు వేసి గట్టిగా కలపండి. ఉప్పు, పంచదార, బెల్లం వద్దు. గుమ్మడిని ఆవిరి మీదే ఉడికించండి. నీళ్లలో ఉడికిస్తే ముద్ద జారవుతుంది, అప్పుడు ఓట్స్ పొడి చెంచా చెంచాగా పెంచాల్సిందే. 10 నిమిషాలు నానాక పావు అంగుళం మందాన ఒత్తి, వేలి గోరంత ముక్కలు కోయండి. 175 డిగ్రీల సెల్సియస్‌లో 25 నిమిషాలు కాల్చి, ఓవెన్ ఆపేసి గంటసేపు లోపలే వదిలేయండి. చాలామంది ఈ గంటే మానేస్తారు, లోపలి తేమ పోక బూజు పడుతుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. ఫ్రిజ్‌లో వారం ఉంటాయి.

రుచికి పీనట్ బటర్ కలిపితే దయచేసి లేబుల్ చదవండి. జైలిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) ఉంటే కుక్క రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది, కాలేయమూ దెబ్బతినవచ్చు. ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి కొంచెం కూడా వద్దు.

చిరుతిళ్లన్నీ కలిపి రోజు క్యాలరీల్లో 10 శాతం దాటకూడదు. మొదటిరోజు ఒక్క ముక్కే పెట్టి, విరేచనాలు, దురద లేవని చూశాకే పెంచండి.