బస్తీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక (2020 ఏప్రిల్ – 2021 మార్చి)

పెద్దలకు, సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి డ్రైనేజీ, వీధి దీపాల కన్నా అన్నం, కిరాయి, అప్పుల గురించే ఎక్కువ చెప్పాల్సి వస్తోంది. లాక్‌డౌన్ పడ్డాక అడ్డా కూలీలకు పని లేదు, తోపుడు బండ్లకు బేరం లేదు. ఇళ్లల్లో పనిచేసే మన ఆడవాళ్లను అపార్ట్‌మెంట్ల గేటు దగ్గరే ఆపేశారు. తెలంగాణ ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, రేషన్ కార్డుకు 1,500 రూపాయలు ఇచ్చింది. జన్‌ధన్ ఖాతా ఉన్న మహిళలకు కేంద్రం నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. మరి కార్డే లేనివాళ్లు? పెళ్లయి వేరు పడ్డ జంటలు ఏళ్లుగా కొత్త కార్డు కోసం ఎదురుచూస్తూనే ఉన్నారు. అలాంటివాళ్ల కోసం మహిళా సంఘం అక్కాచెల్లెళ్లు ఇల్లిల్లూ తిరిగి బియ్యం పోగుచేశారు. తమకొచ్చిన కోటాలోంచే తీసి ఇచ్చిన తల్లులకు సంఘం రుణపడి ఉంది.

బ్యాంకు అప్పుల కిస్తీలను ఆగస్టు 31 వరకు వాయిదా వేయడానికి రిజర్వ్ బ్యాంకు వీలిచ్చింది. కానీ ఆ వాయిదాకూ వడ్డీ పడుతుందని మనవాళ్లకు చెప్పిన నాథుడు లేడు. రోజువారీగా వసూలు చేసే గిరిగిరి వడ్డీల వాళ్ల దగ్గరైతే ఏ వాయిదా లేదు. పుస్తెలతాళ్లు కుదువకు పోయింది అప్పుడే.

గర్వంగా చెప్పుకోవలసింది వీధి వ్యాపారులకు కేంద్రం పెట్టిన రుణ పథకం, పీఎం స్వనిధి కోసం మనం నడిపిన శిబిరం. వీధి వ్యాపారులకు 10,000 రూపాయల రుణం వచ్చిందని వినడం ఒక ఎత్తు, ఆధార్‌కు ఫోన్ నంబరు కలిపి, సిఫారసు పత్రం తెప్పించి, బ్యాంకులో మంజూరు చేయించడం ఇంకో ఎత్తు. మన కమ్యూనిటీ హాల్లో కూర్చుని ఆ కాగితాలన్నీ పూర్తి చేయించిన డిగ్రీ పిల్లలకు చప్పట్లు కొట్టాలి. కూరగాయల బండ్లు, ఇస్త్రీ బండ్లు మళ్లీ రోడ్డెక్కాయి. రుణం తీసుకున్నవారు గడువులోపు కడితే 7 శాతం వడ్డీ రాయితీ వస్తుంది, మరవకండి.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారి దగ్గర ఉంది, కోరినవారు చూడవచ్చు. కిరాణా బాకీ తీరింది.

ఒక మాట చెప్పక తప్పదు. వాట్సాప్ గ్రూపులో పేర్లిచ్చినవారు చాలామంది, మూటలు మోయడానికి వచ్చింది మాత్రం ఎప్పుడూ ఆ నలుగురే. కార్డు లేని కుటుంబాల జాబితాను సంబంధిత అధికారులకు రాతపూర్వకంగా ఇచ్చాం. రసీదు ఉంది, జవాబు లేదు. మళ్లీ వెళ్తాం. ఈసారి ఆ కుటుంబాలవాళ్లే మాతో రావాలి. వచ్చేవారు సమావేశం అయ్యాక పేర్లు రాయించగలరు.

– కార్యదర్శి