పాఠాల పోర్టల్‌కు రంగులు వేసేటప్పుడు విద్యార్థి కళ్లను గుర్తుంచుకోవాలి

సంపాదకుల వారికి,

నమస్కారం.

నేను ఒక ఇంజనీరింగ్ కళాశాలలో కంప్యూటర్ సైన్స్ అధ్యాపకురాలిని. మా దగ్గర పాఠాలు, అసైన్‌మెంట్లు, క్విజ్‌లు అన్నీ మూడుల్ మీదే నడుస్తాయి. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ 2002లో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కోడ్ కూడా అందరికీ అందుబాటులో ఉంటుంది కనుక ఏ సంస్థ అయినా దాన్ని తన సర్వర్‌లో పెట్టుకొని కావలసినట్టు మార్చుకోవచ్చు. ఈ స్వేచ్ఛను రంగుల విషయంలో ఎంత ఆలోచన లేకుండా వాడుతున్నామో నాకు తెలియజేసిన ఒక సంఘటన వల్ల ఈ లేఖ రాస్తున్నాను.

గత విద్యాసంవత్సరం మొదట్లో మా పోర్టల్‌ను కళాశాల లోగోకు సరిపోయేలా నారింజ రంగులోకి మార్చారు. దానితోపాటు మొదటి పేజీలో అసైన్‌మెంట్ల పట్టిక ఒకటి చేర్చి, ఇచ్చేసినవాటికి ఆకుపచ్చ చుక్క, ఇంకా ఇవ్వవలసినవాటికి ఎర్ర చుక్క పెట్టారు. చూడటానికి ముచ్చటగానే ఉంది. రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు వరుసగా రెండు అసైన్‌మెంట్లు గడువులోగా ఇవ్వకపోతే, నిర్లక్ష్యమనుకొని తరగతిలో అందరి ముందూ మందలించాను. క్లాసు అయ్యాక ఆ అబ్బాయి నా దగ్గరకు వచ్చి, ‘మేడమ్, నాకు ఆ రెండు చుక్కలూ ఒకేలా కనిపిస్తాయి’ అన్నాడు. ఆ రోజు నుంచి ఈ విషయాన్ని నేను మరచిపోలేకపోతున్నాను.

ఎరుపు, ఆకుపచ్చ రంగుల మధ్య తేడా సరిగా తెలియకపోవడం అరుదైన సంగతి కాదు. ఎక్కువ సందర్భాల్లో అది ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా పుట్టుకతో వస్తుంది కనుక మగపిల్లల్లో ఎక్కువగా కనిపిస్తుంది. చాలామంది దాన్ని ఎవరికీ చెప్పుకోరు, కొందరికి తమకు ఉన్నట్టే తెలియదు. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ 2008లో వెలువరించిన మార్గదర్శకాలు, ఏ సమాచారాన్నీ కేవలం రంగు ద్వారా మాత్రమే తెలియజేయకూడదని స్పష్టంగా చెప్పాయి. నిజానికి మూడుల్ తన క్విజ్‌లలో సరైన జవాబుకు రంగుతోపాటు టిక్కు గుర్తు, తప్పు జవాబుకు ఇంటూ గుర్తు చూపిస్తుంది. అంటే తయారుచేసినవారు తీసుకున్న జాగ్రత్తను మనం అలంకరణ పేరుతో వదిలేస్తున్నామన్నమాట.

రెండో సమస్య అందరిదీ. మూడుల్‌తో వచ్చే బూస్ట్ థీమ్‌లో, అంటే సైటు రూపురేఖలను నిర్ణయించే అమరికలో, ‘బ్రాండ్ కలర్’ అనే గడి ఒకటి ఉంటుంది. అందులో ఒక్క రంగు మారిస్తే సైటంతటా లింకులు, బటన్లు ఆ రంగులోకి వెళ్లిపోతాయి. అంత సులువు కాబట్టే లోగోలోని రంగును తెచ్చి అక్కడ పెట్టేస్తారు. అయితే లోగో దూరం నుంచి చూసే బొమ్మ, లింకు దగ్గరగా చదవవలసిన అక్షరం. పైన చెప్పిన మార్గదర్శకాల ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య కాంట్రాస్ట్, అంటే వెలుగులో తేడా, కనీసం 4.5కు 1 ఉండాలి. తెల్లని పేజీ మీద నల్లని అక్షరాలకు అది 21కి 1 ఉంటుంది. అదే తెలుపు మీద నారింజ రంగు అక్షరాలకు సుమారు 2కు 1 మాత్రమే వస్తుంది. ఏసీ గదిలో పెద్ద మానిటర్ మీద చూసి ఆమోదించేవారికి ఇది లోపంగా తోచదు. మధ్యాహ్నపు ఎండలో బస్సు కిటికీ పక్కన కూర్చొని, పగిలిన స్క్రీన్ ఉన్న ఫోన్‌లో చదువుకునే పిల్లకు మాత్రం అక్షరాలే ఆనవు.

తెలుగులో పాఠాలు పెట్టేవారు దీన్ని మరింత పట్టించుకోవాలి. మన లిపిలో ‘ధ’కూ ‘థ’కూ మధ్య తేడా లోపలి చుక్క, ‘ప’కూ ‘ఫ’కూ మధ్య తేడా కింద ఒక చిన్న గీత. వత్తులు అసలు అక్షరం కంటే చిన్నవిగా కింద ఒదిగి ఉంటాయి. రంగు వెలవెలబోతే ముందుగా మాయమయ్యేవి అవే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం పేర్కొన్న 21 రకాల వైకల్యాల్లో రంగుల దృష్టి లోపం లేదు. అందువల్ల ఇది తమ బాధ్యత కాదని సంస్థలు అనుకోవచ్చు. కానీ పుణేలోని ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఇలాంటి లోపమున్న అభ్యర్థులను కోర్సులకు దూరంగా ఉంచడం తగదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్‌లో మరో తీర్పులో అదే న్యాయస్థానం పేర్కొంది.

మా కళాశాలలో చుక్కల పక్కన ‘ఇచ్చారు’, ‘ఇంకా ఇవ్వాలి’ అనే మాటలు చేర్చాం. అందుకు అరగంట కూడా పట్టలేదు. లింకుల రంగును ముదురు నీలంలోకి మార్చి, నారింజను పైనున్న పట్టీకి పరిమితం చేశాం. విద్యార్థి తనకు అనువైన థీమ్‌ను తానే ఎంచుకునే సౌకర్యం కూడా మూడుల్‌లో ఉంది. దాన్ని నిర్వాహకులు ఆన్ చేసి, కాంట్రాస్ట్ ఎక్కువగా ఉండే థీమ్ ఒకటి అందుబాటులో ఉంచితే చాలు. రంగులు ఖరారు చేసే ముందు ఫోన్‌ను ఒకసారి గ్రేస్కేల్‌లో (రంగులు లేకుండా నలుపు తెలుపుల్లో) పెట్టి, బయట ఎండలో నిలబడి పోర్టల్ చూడమని నిర్వాహకులను కోరుతున్నాను. ఉభయ తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు కళాశాలల ఆన్‌లైన్ పోర్టళ్లకు ఈ కనీస కాంట్రాస్ట్‌ను, రంగుతోపాటు మాట లేదా గుర్తు తప్పక ఉండాలన్న నియమాన్ని వచ్చే విద్యాసంవత్సరం మొదలయ్యేలోగా సర్క్యులర్ రూపంలో పంపాలని మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

భవదీయురాలు,
ఒక ఇంజనీరింగ్ కళాశాల అధ్యాపకురాలు,
గుంటూరు