దుప్పట్లు కప్పుకున్న మొక్కలు

అమ్మకు,

పోయిన ఆదివారం ఫోనులో "చలి మొదలైంది కదా, ఇక తోట పని తీరినట్టే" అన్నావు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను. తీరడం ఎక్కడమ్మా, ఏడాది మొత్తంలో నా నడుము పట్టేసేది ఈ రెండు నెలల్లోనే. ఫోనులో చెప్పబోతే సగంలోనే "ముందు స్వెట్టరు వేసుకో" అంటావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

మన లెక్కలో ఆకులు రాలేది శిశిరంలో. ఇక్కడ శరత్తులోనే చెట్లు బోసిపోతాయి. చూడముచ్చటగానే ఉంటుంది గానీ, పెరట్లో కూరగాయల మడి ఉన్నవాళ్లకు ఆ రంగులు చూసే తీరిక ఉండదు. మా చూపంతా థర్మామీటరు మీదే.

మంచు అనే ఒక్క మాటతో మనం అన్నీ సరిపెట్టుకుంటాం. ఇక్కడికి వచ్చాకే వాటిని వేరు చేసి చూడడం నేర్చుకున్నాను. పొగమంచు వల్ల మొక్కకు పెద్ద బాధ లేదు. ఆకాశం నుంచి దూదిలా రాలేది రావడానికి ఇంకా చాలా రోజులుంది. ప్రాణం తీసేది మరొకటి, రాత్రికి రాత్రి ఆకుల మీద ఉప్పు చల్లినట్టు పేరుకునే గడ్డమంచు. మబ్బు లేకుండా, గాలి కదలకుండా ఉన్న రాత్రే అది దిగుతుంది. పగలంతా నేల తాగిన వేడి చీకటి పడగానే పైకి పోతుంది, మబ్బుంటే కొంత ఆపుతుంది. చుక్కలు మిలమిలా మెరుస్తూ ఎంతో అందంగా కనిపించే రాత్రి ఉందే, అదే మాకు గండం. వార్తల్లో రెండు మూడు డిగ్రీలు అన్నారని ధీమాగా పడుకోవడానికి లేదు. వాళ్లు కొలిచేది మనిషి ఛాతీ ఎత్తులో గాలిని. నేలకు ఆనుకుని అప్పటికే సున్నాకు దిగిపోయి ఉండవచ్చు.

నిరుడు నేను అలాగే పడుకున్నాను. టమాటాలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి, అన్నీ పచ్చివే. ఇంకో నాలుగు రోజులు ఎండ తగిలితే పండుతాయని ఆశ. తెల్లారి తలుపు తీసేసరికి చిక్కుడు తీగ, మిరప మొక్కలు సలసల కాగే నీళ్లు పోసినట్టు వాడి వేలాడుతున్నాయి. టమాటా కాయలు గాజు గోళీల్లా నిగనిగలాడుతున్నాయి. బాగానే ఉన్నాయే అనుకున్నాను. మధ్యాహ్నానికి మంచు కరిగి, చేత్తో పట్టుకుంటే జారిపోయేంత మెత్తబడ్డాయి. లోపలి నీరు గడ్డకట్టి కణాలను చీల్చేశాక ఇక చేయగలిగింది ఏమీ లేదు. రెండు బుట్టల కాయలమ్మా. ఆ రోజు నీకు ఫోను చేసినా ఈ సంగతి చెప్పలేదు.

ఈ ఏడు బుద్ధి వచ్చింది. నెల ముందే టమాటా కొసలు తుంచేశాను, కొత్త పూత గిల్లేశాను, ఉన్న కాయలైనా ముదురుతాయని. రాత్రి చలి గట్టిగా ఉండేలా ఉంటే మధ్యాహ్నమే మడికి నీళ్లు పెడతాను. పొడి మట్టి కంటే తడి మట్టి వేడిని ఎక్కువ దాచుకుంటుంది. పొద్దు వాలకముందే పాత దుప్పట్లు కప్పి, అంచులు నేలకు ఆనేలా రాళ్లు పెడతాను. పైన మాత్రమే కప్పి చుట్టూ వదిలేస్తే ప్రయోజనం లేదు, మొక్కను కాచేది నేల నుంచి లేచే వేడే. ప్లాస్టిక్ పట్టా అయితే ఆకుకు తగిలిన చోటల్లా మాడిపోతుంది. ఇంట్లో ఉన్న దుప్పట్లు సరిపోక, నువ్వు ఇచ్చిన పూల దుప్పటి కూడా మిరప మొక్కల మీదికి వెళ్లింది. కోప్పడకు.

కొంచెం తెల్లబారిన టమాటా పచ్చికాయలన్నీ మాత్రం కోసేశాను. కాగితపు సంచిలో ఒక పండిన అరటిపండుతో పాటు పెట్టి మూతి మడిచాను. పండు వదిలే ఇథిలీన్ వాయువుకు కాయలు ఒకదాని తర్వాత ఒకటి ఎరుపెక్కుతున్నాయి. దీనికి ఎండ అక్కరలేదు, గది వెచ్చదనం చాలు. ఫ్రిజ్‌లో పెడితే మాత్రం అక్కడే ఆగిపోతాయి. మొక్క మీద పండిన రుచి రాదు, నీతో అబద్ధం ఆడను.

క్యారెట్లను కదిలించలేదు. వాటిది వేరే లోకం. చలి పెరిగేకొద్దీ తమలోని పిండిని చక్కెరగా మార్చుకుంటాయి, తీపి ఎక్కిన రసం అంత తొందరగా గడ్డకట్టదు. పాలకూర సంగతి ఇంకా విచిత్రం. పగలు పది గంటల లోపుకు కుదించుకుపోయాక పెరగదు, అలాగని చావదు, అలమరలో పెట్టినట్టు ఉన్నచోటే ఉంటుంది. కాబట్టి కోసుకోదగ్గ సైజుకు ఆ లోపే రావాలి. నాది రాలేదు. ఆలస్యంగా చల్లాను.

చిక్కుడు తీగను మొదలంటా కోసి, వేళ్లను మట్టిలోనే వదిలేశాను. వాటి మీది చిన్న చిన్న బుడిపెలతో సహా అక్కడే కుళ్లి నేలకు బలం ఇస్తాయి. తెగులు సోకిన టమాటా ఆకులను మాత్రం కంపోస్టులో వేయలేదు. రాలిన ఆకులను ఓ మూల పోగు వేశాను, మట్టిలా మారడానికి ఏడాదో రెండేళ్లో పడుతుంది.

పోయిన వారం వెల్లుల్లి నాటాను. నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. అందరూ మడి ఖాళీ చేసే వేళ విత్తనం వేయడంలో ఒక మొండితనం ఉంది. గడ్డ విడదీసి, అన్నిటికంటే పెద్ద రెబ్బలనే ఏరాలి. వంటకు పనికొచ్చేవి కూడా అవే కాబట్టి చేయి రాదు. కొస పైకి ఉండేలా, ఐదు సెంటీమీటర్ల లోతున, పదిహేను సెంటీమీటర్ల ఎడంతో పెట్టాను. కొన్ని వారాలు చలి తినకపోతే అది రెబ్బలుగా విడదు, ఉల్లిపాయలా ఒకటే ముద్దగా ఊరుతుంది. పైన జానెడు మందాన ఎండుగడ్డి పరిచాను. వెచ్చదనం కోసమే అనుకునేదాన్ని. అసలు పని వేరట, నేల గడ్డకట్టి కరిగి, మళ్లీ గడ్డకట్టినప్పుడల్లా రెబ్బలు పైకి తోసుకు రాకుండా పట్టి ఉంచడం. వచ్చే వేసవికి గానీ చేతికి రావు.

ఇంకా రాద్దామనుకున్నాను గానీ, ఇప్పుడే కిటికీలోంచి చూస్తే పొద్దుటి నుంచి ఉన్న మబ్బు విచ్చిపోతోంది. గాలి కూడా ఆగింది. చీకటి పడేలోపు దుప్పట్లు కప్పి రావాలి. స్వెట్టరు వేసుకునే వెళ్తున్నాను.

నీ కూతురు