ఫిర్యాదు: 40 నిమిషాల పీరియడ్‌కు కుదరని డిజిటల్ తరగతి వ్యవస్థ

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

విషయం: ఇంటరాక్టివ్ ప్యానెళ్లు, ట్యాబ్‌లు, పాఠాల సాఫ్ట్‌వేర్‌లో సరిచేయని లోపాలు

అయ్యా,

మీ సంస్థ మా పాఠశాలకు సరఫరా చేసిన పరికరాల మీద ఇంతకుముందు పెట్టిన ఫిర్యాదు టికెట్లన్నీ ‘పరిష్కరించాం’ అని మూసేశారు. లోపాలు మాత్రం అలాగే ఉన్నాయి. ప్రతిసారీ మీవాళ్లు వచ్చి ప్యానెల్ వెలుగుతోందా, ట్యాబ్ ఆన్ అవుతోందా అని చూసి వెళ్తున్నారు. వెలుగుతోంది, ఆన్ అవుతోంది, దాని మీద పేచీ లేదు. పీరియడ్ 40 నిమిషాలు. అందులో ఈ వ్యవస్థ బోధనకు ఎన్ని నిమిషాలు మిగులుస్తోందన్నదే మా ప్రశ్న.

ముందు టచ్ సంగతి. మీరిచ్చినవి ఇన్‌ఫ్రారెడ్ రకం ప్యానెళ్లు. ఫ్రేములో ఒక అడ్డు అంచు, ఒక నిలువు అంచు వెంట ఉన్న చిన్న ఎల్‌ఈడీలు కంటికి కనబడని కిరణాలు పంపుతాయి, ఎదుటి వైపు సెన్సర్లు అందుకుంటాయి. ఆ కిరణాలకు ఏది అడ్డుపడినా వేలు తగిలినట్టే లెక్క. పక్కనే నల్లబల్ల ఉన్న గదుల్లో చాక్‌పీసు పొడి ఫ్రేము కింది గాడిలో, ముఖ్యంగా మూలల్లో పేరుకుంటుంది. ఇక పెన్ను తనంతట తానే గీతలు గీస్తుంది, పేజీలు వాటంతటవే తిరుగుతాయి. దీనికి మీ టెక్నీషియన్ చేస్తున్నది కాలిబ్రేషన్. వేలు ఒకచోట పెడితే గీత ఇంకోచోట పడుతున్నప్పుడు చేయాల్సిన పని అది, పొడిని అది తుడవదు. ఒక గదిలో ఏకంగా మదర్‌బోర్డే మార్చారు. తడి లేని మెత్తటి బ్రష్షుతో గాడి దులిపాకే ఆ గీతలు ఆగాయి. మీ నిర్వహణ షెడ్యూల్లో ఈ రెండు నిమిషాల పని ఎక్కడా లేదు.

తూర్పు కిటికీ ఉన్న గదుల్లో ఉదయం పూట తెరలో ఒక పట్టీ మేర టచ్ అసలు పలకదు. ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది, అది నేరుగా సెన్సర్ల మీద పడితే ఎల్‌ఈడీ కిరణాన్ని అవి వేరుచేసి గుర్తించలేవు. ప్యానెల్ బిగించే ముందు కిటికీ ఎటుందో చూడటం ఇన్‌స్టలేషన్‌లో భాగమే కదా! ఇప్పుడు ప్యానెళ్లను పక్క గోడకైనా మార్చాలి, కిటికీలకు నిలువు బ్లైండ్లయినా పెట్టాలి.

ల్యాప్‌టాప్ కలిపినప్పుడు బొమ్మ బాగానే వస్తుంది, టచ్ మాత్రం నడుమ నడుమ తెగిపోతుంది. హెచ్‌డీఎంఐ తీగ బొమ్మను, శబ్దాన్ని మోస్తుంది. టచ్ సమాచారం వెనక్కి రావాలంటే విడిగా యూఎస్‌బీ తీగ కావాలి. మీవాళ్లు టీచరు బల్ల దాకా 10 మీటర్ల మామూలు యూఎస్‌బీ తీగ లాగారు. యూఎస్‌బీ 2.0కు మామూలు తీగ 5 మీటర్లు దాటకూడదు. అంతకంటే దూరమైతే మధ్యలో సిగ్నల్‌ను బలపరిచే యాక్టివ్ తీగ వాడాలి. ఇది మీ ఇంజినీర్లకు తెలియని విషయమని మేం అనుకోవడం లేదు.

తెర మీది అక్షరాల పరిమాణం గురించి ఎన్నిసార్లు చెప్పినా ‘75 అంగుళాలండీ, పెద్దదే’ అన్న జవాబే వస్తోంది. లెక్క చూద్దాం. 75 అంగుళాల తెర ఎత్తు సుమారు 93 సెంటీమీటర్లు. వెనక బెంచీ 8 మీటర్ల దూరంలో ఉంది. చూపు బాగున్న కన్ను కష్టపడి పోల్చుకోగల అక్షరం ఎత్తు ఆ దూరంలో దాదాపు 12 మిల్లీమీటర్లు. అలసట లేకుండా చదవాలంటే దానికి మూడింతలు, అంటే 35 మిల్లీమీటర్లు ఉండాలి. నిలువునా 1080 పిక్సెళ్లు (వెలుగు చుక్కలు) ఉన్న తెరలో అది 40 పిక్సెళ్లు. మీ పాఠాల్లో వివరణ వాక్యాలు, పటాల మీది పేర్లు 22 పిక్సెళ్లే, అంటే తెర మీద 19 మిల్లీమీటర్లు. తెలుగులో చాలా మాటల్లో తేడా చూపేది కింద పడే ఒత్తులే, అవి అక్షరం కంటే ఇంకా చిన్నవి. జీర్ణవ్యవస్థ పటంలో ‘పిత్తాశయం’ అన్న మాటలో తకారం కింద ఏ ఒత్తుందో వెనక వరసలకు కనబడదు. జూమ్ చేస్తే బొమ్మలో సగం తెర దాటిపోతుంది. బొమ్మతో పని లేకుండా అక్షరాలను మాత్రమే పెంచే ఏర్పాటు కావాలి.

ట్యాబ్‌ల విషయానికొస్తే, మొదటి పీరియడ్ మొత్తం అప్‌డేట్లకే పోతోంది. మీ యాప్ అప్‌డేట్ 300 ఎంబీ ఉంటుంది, రాత్రంతా బీరువాలో ఆగి ఉన్న 40 ట్యాబ్‌లు ఉదయం ఆన్ కాగానే ఒకేసారి దింపుకోవడం మొదలుపెడతాయి. మొత్తం 12 జీబీ. 50 ఎంబీపీఎస్ (సెకనుకు 50 మెగాబిట్లు, 8 బిట్లు ఒక బైట్) లైను పూర్తి వేగంతో నడిచినా 32 నిమిషాలు. అదే ఫైలును పాఠశాలలోని సర్వర్ ఒక్కసారి దింపుకొని ట్యాబ్‌లకు పంచితే బయటి లైను మీద పడే భారం 48 సెకన్లు. మీరిచ్చిన సర్వర్ పెట్టెలో ఆ సౌకర్యం ఉంది, ఎవరూ ఆన్ చేయలేదు. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంది కాబట్టి మేం చేయలేం.

వై-ఫై పెట్టెలన్నీ 2.4 గిగాహెర్ట్జ్ రేడియో బ్యాండ్ మీద, ఆటో ఛానెల్‌లో, 40 మెగాహెర్ట్జ్ వెడల్పుతో వదిలేశారు. ఆ బ్యాండ్‌లో ఒకదానిమీద ఒకటి పడని ఛానెళ్లు 1, 6, 11 మూడే, అదీ 20 మెగాహెర్ట్జ్ వెడల్పు అయితేనే. వరసగా ఉన్న గదులన్నీ ఒకదాన్నొకటి అడ్డుకుంటున్నాయి. ట్యాబ్‌లను 5 గిగాహెర్ట్జ్‌కు మార్చి, గదికొక పెట్టె చొప్పున శక్తి తగ్గించి పెట్టాలి. వరండాలో ఒక్కటి పెట్టి శక్తి పెంచితే సరిపోదు, ఎందుకంటే పెట్టె గట్టిగా పంపినా ట్యాబ్ జవాబు అంత గట్టిగా వెనక్కి చేరదు.

లాగిన్ ఇంకో తలనొప్పి. మూడో తరగతి పిల్లలకు పెద్దక్షరం, అంకె, గుర్తు కలిసిన పాస్‌వర్డ్ ఎవరు పెట్టమన్నారో గానీ, అది సరిగ్గా టైపు చేసేసరికి పాఠం మీద ఉన్న ఉత్సాహం చల్లారిపోతుంది. పిల్లలకు క్యూఆర్ కార్డు చాలు. పైగా 15 నిమిషాలు తాకకపోతే సెషన్ మూసుకుపోతుంది. ‘ట్యాబ్ బోర్లించి నల్లబల్ల వైపు చూడండి’ అని చెప్పి వివరించడమే సరైన బోధన. అలా చెప్పిన టీచరుకు మీ సాఫ్ట్‌వేర్ వేసే శిక్ష మళ్లీ లాగిన్.

వీటన్నిటికంటే పెద్ద లోపం క్విజ్‌లో ఉంది. ఉదాహరణకు 1/3 + 1/4 ఎంత అన్న ప్రశ్న. సరైన జవాబు 7/12. 2/7 ఎంచుకున్న పిల్లవాడు లవాలను లవాలతో, హారాలను హారాలతో కూడాడు. భిన్నం అంటే ఏమిటో వాడికి మళ్లీ బొమ్మ గీసి చెప్పాలి. 5/12 ఎంచుకున్నవాడికి పద్ధతి తెలుసు, కూడికలో జారాడు. మళ్లీ చూసుకోమంటే చాలు. మీ తెర మీద ఇద్దరూ ఒకటే: ‘తరగతి సగటు 55 శాతం’. ఆ అంకెతో టీచరు చేయగలిగింది ఏమీ లేదు. 0.35, 0.8లలో ఏది పెద్దది అంటే 35 పెద్దది కాబట్టి 0.35 అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు, వాళ్లను ఆ క్షణంలో పట్టుకోవడానికే కదా ఇంత ఖర్చు! ఏ తప్పు జవాబును ఎందరు ఎంచుకున్నారో ప్రశ్న ముగియగానే పట్టీల బొమ్మగా, పేర్లు దాచి, చూపించాలి.

అదే ప్రశ్నను రెండోసారి అడిగే వీలు కూడా ఉండాలి. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం బోధించే ఎరిక్ మజూర్ 1990లలో ప్రచారంలోకి తెచ్చిన పద్ధతిలో విద్యార్థులు ముందు ఎవరికి వారు జవాబిస్తారు, పక్కవారితో వాదించుకుంటారు, ఆపైన మళ్లీ జవాబిస్తారు. మొదటి విడతలో సరైన జవాబులు మరీ తక్కువా, మరీ ఎక్కువా కానప్పుడు ఇది బాగా పనిచేస్తుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో ప్రశ్నను మళ్లీ తెరిస్తే మొదటి విడత ఫలితం చెరిగిపోతుంది. రెండూ పక్కపక్కన కనబడకపోతే చర్చ ఎవరి మనసు మార్చిందో తెలియదు.

రాసే జవాబుల్లో తెలుగు మరీ అన్యాయమైపోతోంది. ‘మైటోకాండ్రియా’ అని సరిగ్గా రాసినా తప్పని వస్తుంది. యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లు అక్షరాలను నిల్వ చేసే ప్రామాణిక సంకేతాల పద్ధతిలో, ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ, ఎత్వమూ కింది గుర్తూ కలిపిన రెండు సంకేతాలుగానూ నిల్వ చేయవచ్చు. కంటికి రెండూ ఒకటే, మీ ప్రోగ్రాంకు వేరు. పొల్లు తర్వాత కొన్ని కీబోర్డులు చేర్చే కనబడని విభజన గుర్తుదీ అదే కథ. పోల్చే ముందు రెండు జవాబులనూ ఒకే రూపానికి మార్చి, ఆ కనబడని గుర్తులను, అదనపు ఖాళీలను తీసేస్తే సరి. ఇది ప్రోగ్రామర్‌కు ఒక పూట పని. యూనికోడ్ కాని పాత ఫాంట్లతో చేసిన పాఠ్యాలనూ మార్చాలి. వాటిలో వెతికితే ఏదీ దొరకదు, చూపు తక్కువ ఉన్న పిల్లల కోసం పెట్టిన ‘చదివి వినిపించు’ బటన్ నొక్కితే అర్థంలేని శబ్దాలు వస్తాయి.

ప్రతి నెలా మీరు పంపే ‘వినియోగ నివేదిక’లో అన్నీ పచ్చరంగే. అది కొలిచేది ప్యానెల్ ఎన్ని గంటలు వెలిగిందన్నది. వీడియో పెట్టి వదిలేసిన గది అందులో ముందుంటుంది. ఆరు నిమిషాల అనుకరణ ప్రయోగం చూపి, ఆపి, ‘ఇప్పుడు ఏమవుతుంది’ అని అడిగిన గది వెనకబడుతుంది. ఈ నివేదికను మా యాజమాన్యానికి పంపడం ఆపండి.

మేం కోరేవి ఇవి. యూఎస్‌బీ తీగల మార్పు, సర్వర్‌లో అప్‌డేట్లను నిల్వచేసి పంచే సౌకర్యం, వై-ఫై సెట్టింగులు, సెషన్ గడువు 15 రోజుల్లో సరిచేయాలి. వీటిలో ఒక్క తీగలకు తప్ప కొత్త సామగ్రి ఏదీ అక్కర్లేదు. ఎండ వల్ల టచ్ పనిచేయని గదుల్లో ప్యానెల్‌ను పక్క గోడకు మార్చడమో, బ్లైండ్లు పెట్టడమో మీ ఖర్చుతోనే జరగాలి. క్విజ్, తెలుగు జవాబుల సవరణలు ఏ వెర్షన్‌లో, ఏ తేదీకి వస్తాయో రాతపూర్వకంగా తెలపాలి. అప్‌డేట్లు బడి వేళల బయటే నడవాలి, పరీక్షల వారంలో అసలు రాకూడదు. సర్వర్ అడ్మిన్ హక్కుల్లో కనీసం షెడ్యూలు, పాస్‌వర్డ్ రీసెట్ మాకివ్వాలి. శిక్షణ పేరుతో బటన్లన్నీ చూపించే ప్రదర్శన ఇంకొకటి వద్దు. సబ్జెక్టుకొక పాఠం తీసుకొని మా పిల్లల ముందు, మా గదిలో, పీరియడ్ మొదలు నుంచి చివరిదాకా నడిపి చూపండి.

తనిఖీకి వచ్చేవారు సెలవు రోజున కాక తరగతులు నడిచే రోజు మొదటి పీరియడ్‌కు రావాలి, 40 ట్యాబ్‌లూ కలిపే పరీక్షించాలి. ఒక్క ట్యాబ్‌తో చూస్తే పైన చెప్పినవాటిలో సగం కనబడనే కనబడవు. ఇవి తేలేదాకా మూసేసిన టికెట్లను తిరిగి తెరవాలి. మా సంతకం లేకుండా ఏ టికెట్‌నూ మూయకూడదు. అప్పటివరకు వార్షిక నిర్వహణ రుసుము తదుపరి వాయిదాను నిలిపి ఉంచమని యాజమాన్యాన్ని కోరాం. గదులవారీ లోపాల పట్టిక, తీగల కొలతలు, తెర చిత్రాలు జతచేస్తున్నాం.

ఇట్లు,
గణితం, విజ్ఞానశాస్త్రం, తెలుగు ఉపాధ్యాయులు
పాఠశాల సాంకేతిక కమిటీ