తాయ్‌చీలో పాదాల సంగతి ఎవరు చెబుతారు?

సంపాదకులకు,

పెద్దవాళ్లు పడిపోకుండా ఉండాలంటే రోజూ నడవమని అందరూ చెబుతున్నారు. నడక గుండెకూ, చక్కెర జబ్బుకూ మంచిదే. తూలుడుకు అదొక్కటే చాలదు. మామూలు నడకలో దాదాపు 80 శాతం సేపు మనం ఒంటికాలి మీదే ఉంటాం. పడతామన్న భయం ఉన్న మనిషి ఆ ఒంటికాలి క్షణాన్ని తనకు తెలియకుండానే కుదించేస్తాడు. అడుగు చిన్నదై పాదం నేలను రాసుకుంటుంది, గడపకో చాప అంచుకో బొటనవేలు తగులుతుంది. అలాగే ఎన్ని కిలోమీటర్లు నడిచినా ఆ అలవాటే ముదురుతుంది.

ఒక్కో కదలికా నెమ్మదిగా చేసే వ్యాయామం, చైనా వారి తాయ్‌చీ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. అమెరికాలోని ఒరెగాన్‌లో 70 ఏళ్లు దాటి, అప్పటికే ఓసారి పడినవాళ్లు, నడక తడబడేవాళ్లు 670 మందితో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. వారానికి రెండుసార్లు, గంట చొప్పున, 24 వారాలు సాధన. ఒళ్లు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకంటే తాయ్‌చీ చేసినవాళ్లు పడడం 58 శాతం తగ్గింది. అక్కడ నేర్పినవి ఎనిమిది భంగిమలే. 1956లో చైనాలో ఖరారైన 24 భంగిమల వరసంతా పెద్దవాళ్ల చేత బట్టీ పట్టించాలన్న తొందర మన పార్కుల్లో ఎందుకో! చేతుల ఊపు చూడముచ్చటగానే ఉంటుంది, పని జరిగేది మాత్రం అరికాలి కింద.

గోడ పక్కనో, బరువైన కర్ర కుర్చీ వెనకో నిలబడాలి (ప్లాస్టిక్ కుర్చీని నమ్మితే మనకంటే ముందు అదే పడుతుంది). పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి, మోకాళ్లు బిగించకుండా కొద్దిగా వదలాలి. మూడు నాలుగు సెకన్లు తీసుకుని బరువంతా కుడికాలి మీదికి తేవాలి. ఎడమకాలు ఖాళీ అయిందో లేదో తెలియాలంటే ఆ పాదాన్ని కాగితం మందాన పైకి లేపి చూడాలి. ఒళ్లు ఊగిందంటే బరువు ఇంకా అక్కడే ఉంది. ఊగకపోతే ఆ కాలి మడమను ముందుకు ఆనించాలి, అక్కర్లేదనుకుంటే వెనక్కి తీసుకోగలిగేంత తేలిగ్గా. తర్వాత అరికాలు, వేళ్లు. బరువు వెళ్లేది అన్నిటికంటే చివర.

చాలామంది తప్పేది ఇక్కడే. పాదం ఆనీ ఆనకముందే బరువు దాని మీద పడిపోతుంది. తడి బాత్రూంలో కాలు జారితే వెనక్కి తీసుకోలేకపోవడానికి కారణమూ ఇదే. ఇంకొందరు తాడు మీద నడిచినట్టు పాదాలు ఒకే గీత మీద వేస్తారు, దాంతో పక్కకు తూలతారు. పాదాలు రైలు పట్టాల్లా ఎడంగా సాగాలి. బరువున్న కాలిని తిప్పితే మెలి పడేది మోకాలికి. ముందు బరువు వెనక్కి తీసి, ఖాళీ అయిన పాదాన్ని మడమ మీద తిప్పాలి. మోకాలు రెండో వేలి వైపే చూడాలి, లోపలికి వాలకూడదు. కిందికి బాగా కుంగడం సినిమాలకు వదిలేయవచ్చు.

హవాయి చెప్పులు, నున్నటి గ్రానైట్ మీద సాక్సులు వద్దు. చీర కుచ్చిళ్లు, పంచె అంచు చీలమండ పైనే ఉండాలి. కొత్తవాళ్లకు రోజూ పది నిమిషాలు చాలు, మధ్యలో కూర్చుంటూ. చక్కెర జబ్బుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు కుర్చీ మీంచి చెయ్యి తీయకూడదు. మంచం మీంచి లేవగానే కళ్లు తిరిగేవాళ్లు ముందు బీపీ, వేసుకునే మాత్రల సంగతి డాక్టరుతో తేల్చుకోవాలి. ఆ తూలుడు కాళ్లది కాదు.

– ఒక ఫిజియోథెరపిస్టు, కాకినాడ